స్టూడియో వేలు పెట్టని 28 రాత్రులు

1973 ఆగస్టులో అమెరికాలో ఒక చిన్న సినిమా విడుదలైంది. పేరు 'అమెరికన్ గ్రాఫిటీ'. దర్శకుడు జార్జ్ లూకాస్‌కి అప్పటికి 29 ఏళ్లు. అంతకుముందు ఆయన తీసిన ఒకే ఒక్క పూర్తి నిడివి చిత్రం ఆడలేదు. నటీనటుల్లో చాలామంది అప్పటికి జనానికి పెద్దగా తెలియనివాళ్లు. ఖర్చు 8 లక్షల డాలర్లు కూడా దాటలేదు. ఆ సినిమా ఒక్క ఉత్తర అమెరికాలోనే, కాలక్రమంలో, 11 కోట్ల డాలర్లకు పైగా రాబట్టింది. ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు సహా 5 ఆస్కార్ నామినేషన్లు అందుకుంది. 1995లో అమెరికా ప్రభుత్వం భావితరాల కోసం భద్రపరచవలసిన సినిమాల జాబితాలో దాన్ని చేర్చింది. అయితే డబ్బు పెట్టిన యూనివర్సల్ స్టూడియో పెద్దలకు ఆ సినిమా మీద నమ్మకం లేదు. 1973 జనవరిలో ప్రివ్యూ చూసి, ఇది విడుదలకు పనికిరాదన్నారు. అంత నమ్మకం లేని సంస్థ చేతుల మీదుగా అంత మంచి సినిమా ఎలా వచ్చింది? తీస్తున్నన్నాళ్లూ ఆ సంస్థ అందులో వేలు పెట్టలేదు కాబట్టి వచ్చిందని నా అభిప్రాయం. ఆ స్వేచ్ఛ ఎలా దొరికింది, సినిమా రూపాన్ని ఎలా మలిచింది, దాని హద్దులేమిటి అన్నది ఈ ప్రసంగంలో చూద్దాం.

సినిమా చూడనివారి కోసం ముందు కథ రెండు ముక్కల్లో చెప్తాను. 1962 వేసవి చివర్లో ఒక్క రాత్రి. కాలిఫోర్నియాలో మొడెస్టో అనే చిన్న ఊరు, లూకాస్ పుట్టి పెరిగిన ఊరే. హైస్కూలు దాటిన కర్ట్, స్టీవ్ అనే ఇద్దరు కుర్రాళ్లు తెల్లవారగానే విమానమెక్కి దూరాన ఉన్న కాలేజీకి వెళ్లాలి. కర్ట్‌కి వెళ్లాలో వద్దో తేలడం లేదు. స్టీవ్ తన ప్రియురాలితో బంధం తెంచుకోవాలా, నిలుపుకోవాలా అన్న గుంజాటనలో ఉన్నాడు. వాళ్ల స్నేహితుడు జాన్ మిల్నర్ కారు పందేల్లో ఆ ఊరికి రాజు, కానీ వయసు మీద పడుతోందన్న దిగులు అతనికి అప్పుడే మొదలైంది. నాలుగోవాడు టెర్రీ, కళ్లజోడు పెట్టుకున్న అమాయకుడు, ఆ ఒక్క రాత్రికి చేతికొచ్చిన కారుతో హీరో అయిపోవాలని చూస్తాడు. అందరూ కార్లలో ఆ వీధులే మళ్లీ మళ్లీ చుట్టేస్తారు. ప్రతి కారులోనూ ఒకే రేడియో స్టేషన్ మోగుతూ ఉంటుంది. తెల్లవారేసరికి నలుగురి జీవితాలూ నాలుగు దారులు పడతాయి. కథ ఇంతే. హత్య లేదు, తండ్రీ కొడుకుల గొడవ లేదు. కాగితం మీద చదివితే ఇందులో సినిమా ఏముందని ఎవరైనా అడుగుతారు. అప్పట్లో చాలామంది అడిగారు కూడా.

అలాంటి కథకు ఒక పెద్ద స్టూడియో డబ్బు పెట్టిందంటే, దాని వెనక 1960ల చివరి హాలీవుడ్ దుస్థితి ఉంది. పాత పద్ధతిలో కోట్లు పోసి తీసిన సంగీత చిత్రాలు ఒకదాని తర్వాత ఒకటి నష్టాలు తెచ్చాయి. 1969లో వచ్చిన 'హలో డాలీ' అందుకు పేరుమోసిన ఉదాహరణ. అదే ఏడాది 4 లక్షల డాలర్ల చుట్టుపక్కల ఖర్చుతో తీసిన 'ఈజీ రైడర్' దేశాన్ని ఊపేసింది. ఇద్దరు కుర్రాళ్లు మోటారు సైకిళ్ల మీద దేశం చుట్టే కథ. యువ ప్రేక్షకులకు ఏం కావాలో తమకు తెలియడం లేదని స్టూడియో పెద్దలకు అప్పుడు తెలిసొచ్చింది. యూనివర్సల్ అందుకొక ఉపాయం ఆలోచించింది. నెడ్ టానెన్ అనే అధికారి కింద ఒక చిన్న విభాగం పెట్టి, ఒక్కో సినిమాకు 10 లక్షల డాలర్ల అటూ ఇటూ ఇచ్చి, మీ ఇష్టం వచ్చినట్టు తీసుకోండని దర్శకులను వదిలేసింది. డెనిస్ హాపర్ 'ద లాస్ట్ మూవీ', పీటర్ ఫోండా 'ద హయర్డ్ హ్యాండ్', మీలోష్ ఫోర్మన్ 'టేకింగ్ ఆఫ్', డగ్లస్ ట్రంబుల్ 'సైలెంట్ రన్నింగ్' అలా వచ్చినవే. 'అమెరికన్ గ్రాఫిటీ'కి దొరికిన స్వేచ్ఛ ఈ ఏర్పాటు నుంచే పుట్టింది. అది ఎవరి ఉదారతా కాదు. ఎటు పోవాలో పాలుపోని ఒక వ్యాపారం చేసిన లెక్క. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే తర్వాత జరిగినవన్నీ సులువుగా అర్థమవుతాయి.

స్వేచ్ఛ లేకపోతే ఏమవుతుందో లూకాస్‌కి అప్పటికే అనుభవమైంది. 1969లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా, ఆయనా కలిసి శాన్ ఫ్రాన్సిస్కోలో అమెరికన్ జోయిట్రోప్ అనే సంస్థ పెట్టారు. దాని తొలి చిత్రం లూకాస్ తీసిన 'టీహెచ్‌ఎక్స్ 1138', 1971లో వచ్చింది. డబ్బు పెట్టిన వార్నర్ బ్రదర్స్ సంస్థకు సినిమా నచ్చక, రీళ్లు తన చేతిలోకి తీసుకుని నాలుగైదు నిమిషాలు కోసేసింది. కోసినా సినిమా ఆడలేదు. పైగా జోయిట్రోప్‌కి ఇచ్చిన డబ్బు తిరిగి కట్టమంది. ఆ దెబ్బతో సంస్థ అప్పుల్లో కూరుకుపోయింది. ఆ తర్వాత లూకాస్ 'అమెరికన్ గ్రాఫిటీ' కథ పట్టుకుని తిరిగినప్పుడు యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ కథ రాసుకోవడానికి 10 వేల డాలర్లు ఇచ్చి, రాసింది చూశాక వద్దంది. ఇన్ని పాటల హక్కులు కొనాలంటే ఖర్చు ఎక్కడికో పోతుందన్న భయంతో మరికొందరు తప్పుకున్నారు. కుర్రకారు సినిమాలకు పేరుపడ్డ అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ కొంత ఆసక్తి చూపింది, కానీ ఇందులో తమకు కావలసినంత శృంగారమూ హింసా లేవని వెనక్కి తగ్గింది. ఈ చివరి సంగతి నా వాదానికి ముఖ్యమైన ఆధారం. ఆ సంస్థ ఈ సినిమా తీసి ఉంటే ఏం మార్చమని అడిగేదో మనం ఊహించనక్కర్లేదు, దాని అభ్యంతరమే చెప్తోంది. నాలుగు దెబ్బలాటలు, రెండు పడకగది సీన్లు వచ్చి చేరేవి. ఆ రాత్రిలోని వెలితి, బెంగ, ఏమీ జరగకుండానే ఏదో చేజారిపోతోందన్న భావం పోయేవి.

చివరికి టానెన్ ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. పేరున్న మనిషి ఎవరైనా ఈ సినిమాకు అండగా నిలవాలన్నాడు. 1972 మార్చిలో 'ద గాడ్‌ఫాదర్' విడుదలై కొప్పోలా పేరు మారుమోగిపోతోంది. ఆయన నిర్మాతగా ఉంటానన్నాడు. యూనివర్సల్ ప్రచారానికి కొప్పోలా పేరు కావలసి వచ్చింది. లూకాస్‌కి మాత్రం ఆ పేరు ఒక గోడలా పనికొచ్చింది. స్టూడియోకూ దర్శకుడికీ మధ్య సినిమా తీయడం తెలిసిన మరో దర్శకుడు నిలబడ్డాడు. కథనం లూకాస్, విలార్డ్ హైక్, గ్లోరియా కాట్జ్ కలిసి రాశారు. హైక్, కాట్జ్ భార్యాభర్తలు, లూకాస్‌కి పాత స్నేహితులు. ఫ్రెడ్ రూస్ అనే కాస్టింగ్ నిపుణుడు ఎందరో కొత్తవాళ్లను పరీక్షించి రిచర్డ్ డ్రైఫస్, రాన్ హోవర్డ్, పాల్ లె మాట్, చార్ల్స్ మార్టిన్ స్మిత్, సిండీ విలియమ్స్, క్యాండీ క్లార్క్, హారిసన్ ఫోర్డ్ వంటివాళ్లను తెచ్చాడు. పెద్ద తారను పెట్టమని పట్టుబట్టేవాళ్లు లేనందువల్లే ఈ ఎంపిక సాధ్యపడింది. ఒక తార ఉంటే కథ ఆ తార చుట్టూ తిరగాలి. ఇక్కడ నలుగురూ సమానం. ఒకరిని వదిలి ఇంకొకరి దగ్గరికి వెళ్లినప్పుడు ప్రేక్షకుడికి అసలు హీరో ఎటు పోయాడన్న ప్రశ్నే రాదు.

చిత్రీకరణ 1972 జూన్ చివర్లో మొదలై ఆగస్టు మొదటివారంలో ముగిసింది. మొత్తం 28 రాత్రులు. ముందు శాన్ రఫేల్ అనే ఊళ్లో మొదలుపెట్టారు, కానీ అక్కడి వ్యాపారస్తుల ఫిర్యాదుతో అనుమతి పోయింది. యూనిట్ మొత్తం పెటలూమాకు మారింది. వేసవి రాత్రి చిన్నది కాబట్టి తొమ్మిది గంటలకు మొదలుపెట్టి వేకువన ఐదు లోపు ముగించాలి. ఫిల్ము ఆదా కావాలని టెక్నిస్కోప్ పద్ధతిలో తీశారు. అందులో ఒక్కో ఫ్రేముకు మామూలుగా పట్టే ఫిల్ములో సగమే పడుతుంది. బొమ్మ కాస్త గరుకుగా వస్తుంది. వార్తాచిత్రం లాంటి సహజత్వం కోరుకున్న లూకాస్‌కి ఆ గరుకుతనమే నచ్చింది. మొదటి రాత్రుల్లో వెలుతురు కుదరకపోతే ప్రఖ్యాత ఛాయాగ్రాహకుడు హాస్కెల్ వెక్స్‌లర్ సాయానికి వచ్చాడు. ఆయన పగలంతా లాస్ ఏంజెలెస్‌లో ప్రకటన చిత్రాలు తీసి, రాత్రికి విమానంలో పెటలూమా చేరేవాడు. రెండు కెమెరాలు పెట్టి నటులను స్వేచ్ఛగా వదిలేశారు. దీని ఫలితం సినిమా మొదటి నిమిషాల్లోనే కనిపిస్తుంది. టెర్రీ వెస్పా స్కూటరు మీద మెల్స్ డ్రైవ్ ఇన్ అనే హోటలు ముందుకు వస్తాడు. స్కూటరు అదుపు తప్పుతుంది, కాళ్లు ఈడుస్తూ వెళ్లి గోడకు కొట్టుకుంటాడు. అది రాసుకున్నది కాదు. స్మిత్‌కి నిజంగానే స్కూటరు అదుపు తప్పింది, అయినా పాత్రలోంచి బయటికి రాలేదు, కెమెరా తిరుగుతూనే ఉంది. లూకాస్ దాన్ని అలాగే ఉంచేశాడు. టెర్రీ ఎలాంటివాడో చెప్పడానికి పది మాటలు చేయలేని పని ఆ ఒక్క పొరపాటు చేసిపెట్టింది. రోజూ రీళ్లు తెప్పించుకుని చూసి, ఇది మళ్లీ తీయండని ఆదేశించే అధికారి ఉంటే ఆ షాటు నిలిచేదని నేననుకోను.

ఈ సినిమాకు అన్నిటికన్నా పెద్ద సాహసం శబ్దంలో ఉంది. ప్రత్యేకంగా కూర్చిన నేపథ్య సంగీతం ఇందులో లేదు. దానికి బదులు అప్పటికే జనం నోళ్లలో నానిన 41 రాక్ అండ్ రోల్ పాటలున్నాయి. దాదాపు అన్నీ కారు రేడియోల్లోంచో, స్కూలు నాట్య కార్యక్రమంలోంచో, హోటలు స్పీకర్లలోంచో వస్తాయి. అంటే పాట పాత్రల చెవిన పడుతుంది, మన చెవినా పడుతుంది. శబ్దం పని చూసినవాడు వాల్టర్ మర్చ్. పాటలను డీజే మాటలతో కలిపి ఒక పూర్తి రేడియో కార్యక్రమంలా కూర్చాక, లూకాస్, మర్చ్ దాన్ని ఇంటి పెరట్లో స్పీకరులో మోగించారు. కొంత దూరంలో మైకు పట్టుకుని మళ్లీ రికార్డు చేశారు. స్పీకరునీ మైకునీ అటూ ఇటూ తిప్పుతూ, ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా, ఒకసారి గోడలకు తగిలి తిరిగొచ్చినట్టుగా ఆ ధ్వని పట్టారు. తర్వాత మిక్సింగులో శుభ్రమైన పాటనూ ఈ ఆరుబయలు పాటనూ కావలసినట్టు కలిపారు. అందుకే కారులో కూర్చున్నప్పుడు పాట మన పక్కనే మోగుతుంది, కారు దాటిపోగానే వీధి చివర పలచబడుతుంది, ఇంకో కారు వచ్చేసరికి అదే పాట మరో చరణంలో అందుతుంది. ఊరంతా ఒకే పాట వింటోందన్న అనుభూతి అలా కలుగుతుంది. నలుగురి కథలు నాలుగు చోట్ల జరుగుతున్నా ఒకే రాత్రిలా అతుక్కున్నది ఈ పనివల్లే.

రేడియో వినేవారికి ఇందులో ఒక సన్నివేశం తప్పకుండా మనసుకు హత్తుకుంటుంది. ఆ రాత్రంతా అందరి కార్లలో మోగే గొంతు వుల్ఫ్‌మన్ జాక్‌ది. అతను నిజజీవితంలోనూ ప్రసిద్ధ డీజే. సరిహద్దుకు అవతల మెక్సికోలో ఉన్న శక్తిమంతమైన ప్రసార కేంద్రాల ద్వారా అతని గొంతు అమెరికా అంతా వినిపించేది. అతనెవరో, ఎలా ఉంటాడో కుర్రాళ్లకు తెలియదు. తెల్లకారులో కనబడి మాయమైన ఒక అమ్మాయిని వెతుక్కుంటూ కర్ట్ అర్ధరాత్రి దాటాక ఊరి బయట రేడియో స్టేషనుకు వెళ్తాడు. అక్కడ గడ్డం పెంచిన ఒక లావాటి మనిషి ఒంటరిగా కూర్చుని ఉంటాడు. ఫ్రిజ్ పాడైంది, పుల్ల ఐస్‌లు కరిగిపోతున్నాయి, ఒకటి తీసుకోమంటాడు. వుల్ఫ్‌మన్ ఇక్కడ లేడు, టేపుల్లో ఉంటాడు, దేశాలు తిరుగుతూ ఉంటాడు అని చెప్పి, ఇక్కడే చిక్కుకుపోవద్దు, బయట పెద్ద ప్రపంచం ఉందని సలహా ఇస్తాడు. కర్ట్ వెళ్లిపోతూ అద్దంలోంచి వెనక్కి చూస్తే ఆ మనిషే మైకు ముందు కూర్చుని వుల్ఫ్‌మన్ గొంతుతో మాట్లాడుతుంటాడు. ఆ క్షణంలో కర్ట్ ముఖంలో కనబడేది నిరాశ కాదు, ఎదుగుదల. ఎక్కడో మహాలోకంలో ఉన్నాడనుకున్నవాడు తన ఊరి శివార్లలోనే ఒంటరిగా కూర్చుని ఉన్నాడని తెలుసుకున్నాక, ఊరు వదలాలో వద్దో కర్ట్ తనంతట తానే తేల్చుకుంటాడు. కథను ముందుకు నడిపే సంఘటన ఏదని లెక్కచూసే వ్యాపార దృష్టికి ఇది తీసేయదగ్గ సన్నివేశం. నిజానికి సినిమా ప్రాణం ఇక్కడే ఉంది.

ఈ కుర్రాళ్ల తల్లిదండ్రులు సినిమాలో దాదాపుగా కనబడరన్నది కూడా గమనించాలి. 1955 నాటి 'రెబెల్ వితౌట్ ఎ కాజ్' వంటి గొప్ప చిత్రంలో సైతం కుర్రాడి కష్టానికి కారణం ఇంట్లో ఉంటుంది, పెద్దవాళ్ల తప్పులో ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన సముద్రతీర సరదా చిత్రాలు కుర్రకారును ఈత దుస్తుల అలంకారంగా చూశాయి. లూకాస్ ఈ రెండు దారులూ వదిలాడు. ఆ వయసువాళ్లను పెద్దల కళ్లతో చూడలేదు, వాళ్ల బెంగలకు పెద్దల నుంచి వివరణ అడగలేదు. చివర తెర మీద నాలుగు వాక్యాలు పడతాయి. జాన్ మిల్నర్ 1964 డిసెంబరులో తాగి బండి నడిపిన ఒకడి వల్ల చనిపోయాడు. టెర్రీ 1965 డిసెంబరులో వియత్నాంలో గల్లంతయ్యాడు. స్టీవ్ మొడెస్టోలోనే బీమా ఏజెంటు. కర్ట్ రచయిత, కెనడాలో ఉంటున్నాడు. అప్పటిదాకా నవ్వించిన సినిమా అక్కడ ఒక్కసారిగా చరిత్రలోకి తెరుచుకుంటుంది. ఆ వేసవి రాత్రి తర్వాత కెనెడీ హత్య, వియత్నాం యుద్ధం వచ్చాయని ప్రేక్షకుడికి తెలుసు, ఆ కుర్రాళ్లకు తెలియదు. సరదా సినిమాకు ఇలాంటి ముగింపు ఎందుకన్న ప్రశ్న తీసేటప్పుడే ఎవరైనా అడిగి ఆపగలిగి ఉంటే, ఈ చిత్రం ఒక తీపి జ్ఞాపకంగా మాత్రమే మిగిలేది.

స్టూడియో అడ్డు తగిలింది సినిమా పూర్తయ్యాక. 1973 జనవరి 28న శాన్ ఫ్రాన్సిస్కోలో నార్త్‌పాయింట్ థియేటర్లో ప్రివ్యూ వేశారు. జనం కేరింతలు కొట్టారు. టానెన్ మాత్రం సినిమా బాగోలేదనీ, విడుదల చేయదగ్గదిగా లేదనీ అన్నాడు. కొప్పోలా అక్కడికక్కడే కోపంతో, మీకు వద్దంటే నేను కొనేస్తానన్నాడు. యూనివర్సల్ అమ్మలేదు. టెలివిజన్ సినిమాగా వేద్దామా అని కూడా ఆలోచించింది. చివరి కత్తెర హక్కు దానిదే కాబట్టి కొన్ని సన్నివేశాలు తీసేసింది, మొత్తం నాలుగున్నర నిమిషాల దాకా. సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మేవాడు టెర్రీని వెంటబడి వేధించే సన్నివేశం అందులో ఒకటి. స్కూలు నాట్య కార్యక్రమంలో స్టీవ్ ఒక ఉపాధ్యాయుడితో వాదనకు దిగే సన్నివేశం ఇంకొకటి. ఈలోగా స్టూడియో లోపల వేసిన ప్రదర్శనలు చూసిన ఉద్యోగులు బాగుందని చెప్పుకోసాగారు. ఆ నోటి మాటతో పెద్దల మనసు మారి, ఆగస్టులో సినిమా హాళ్లకు వచ్చింది. 1978లో మళ్లీ విడుదల చేసినప్పుడు కోసిన సన్నివేశాలు తిరిగి చేరాయి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. కోసినా సినిమా ఆడింది, తిరిగి చేర్చినా బాగుంది. మరి జోక్యం వల్ల నష్టమేముంది? ఈ ప్రశ్నకు జవాబు ఆ జోక్యం జరిగిన సమయంలో ఉంది. యూనివర్సల్ కత్తెర పట్టేసరికి నాలుగు కథల అల్లిక, 41 పాటలు, కొత్త ముఖాలు, తెర మీది ఆఖరి వాక్యాలు అన్నీ స్థిరపడిపోయాయి. ఒక దారం లాగితే మిగతావన్నీ ఊడివచ్చేలా మార్షియా లూకాస్, వెర్నా ఫీల్డ్స్, జార్జ్ లూకాస్ కలిసి ఎడిటింగ్ చేశారు. విడి సన్నివేశాలు తీయగలిగారు తప్ప సినిమా స్వరూపం మార్చలేకపోయారు. అదే జోక్యం కథ రాసేటప్పుడో, నటులను ఎంచుకునేటప్పుడో వచ్చి ఉంటే పోయేది నాలుగు నిమిషాలు కాదు, సినిమాయే. కాబట్టి ఈ ఉదాహరణ జోక్యం నిరపాయకరమని రుజువు చేయదు. ఆలస్యంగా వచ్చిన జోక్యం తక్కువ చెరుపు చేస్తుందని మాత్రమే చెప్తుంది. పైగా ఆ కోతల్లో కళకు ఒరిగింది ఏదీ లేదు. కార్ల వ్యాపారి సన్నివేశం పోవడంవల్ల టెర్రీ ఆ రాత్రి ఎంత భయపడుతూ గొప్పలు పోతున్నాడో చెప్పే ఒక మంచి మెట్టు జారిపోయింది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. అదే స్వేచ్ఛ, అదే స్టూడియో, అదే అధికారి కింద వచ్చిన మిగతా సినిమాలు ఆడలేదు కదా? హాపర్ 'ద లాస్ట్ మూవీ' ఎడిటింగ్ బల్ల మీద నెలల తరబడి సాగి, వెనిస్‌లో బహుమతి తెచ్చుకున్నా, హాళ్లలో బోల్తా కొట్టింది. లూకాస్ తానే కార్యనిర్వాహక నిర్మాతగా నిలబడి 1979లో తీయించిన ఈ సినిమా కొనసాగింపు కూడా నిరాశపరిచింది. నిజమే. స్వేచ్ఛ ఇస్తే ప్రతి దర్శకుడూ గొప్ప సినిమా తీస్తాడని నేననడం లేదు. విత్తనం మంచిదైతేనే మొలకెత్తుతుంది, కానీ ఎంత మంచి విత్తనమైనా బండ మీద మొలకెత్తదు. స్వేచ్ఛ ఆ నేల. ఇంకో మాట. ఆ విభాగంలోని సినిమాల ఖర్చంతా కలిపినా పాత పద్ధతిలో తీసిన ఒక భారీ సంగీత చిత్రం ఖర్చుకు సరితూగదు. వాటిలో 'ద హయర్డ్ హ్యాండ్', 'సైలెంట్ రన్నింగ్' వంటివాటిని తర్వాతి తరాల విమర్శకులు ఆదరంగా వెతికి పట్టుకున్నారు. ఒక్క 'అమెరికన్ గ్రాఫిటీ' మిగతావాటి నష్టాన్ని మించి తెచ్చింది. వ్యాపారం లెక్కన చూసినా ఆ ఏర్పాటు తప్పు కాలేదు.

మూడో అభ్యంతరం కళాకారులే తరచూ అనే మాట. ఈ సినిమాను చేసింది స్వేచ్ఛ కాదు, కట్టుబాట్లు అంటారు. డబ్బు లేదు కాబట్టే కొత్తవాళ్లు వచ్చారు, ఫిల్ము చాలదు కాబట్టే ఆ గరుకు బొమ్మ వచ్చింది, సమయం లేదు కాబట్టే పొరపాటు షాటు నిలిచింది. ఇందులో నిజముంది. పాటల సంగతే చూడండి. హక్కులకు పెట్టగలిగింది లక్ష డాలర్ల లోపే కాబట్టి అన్ని సంగీత సంస్థలకూ ఒకే ధర ఇస్తామన్నారు. చాలామంది ఒప్పుకున్నారు, ఆర్‌సీఏ సంస్థ ఒప్పుకోలేదు. ఫలితంగా ఆ తరానికి ఆరాధ్యుడైన ఎల్విస్ ప్రెస్లీ గొంతు ఈ సినిమాలో ఒక్కచోటా వినబడదు. అయినా సినిమాకు లోటు రాలేదు. కానీ రెండు రకాల హద్దులను వేరు చేసి చూడాలి. ఇంత డబ్బే ఉంది, ఇన్ని రాత్రులే ఉన్నాయి అన్నది ఒక హద్దు. దాని లోపల దారి వెతుక్కునేది దర్శకుడే. ఈ పాత్ర ఇలా ఉండాలి, ఈ ముగింపు మార్చాలి అన్నది రెండో హద్దు. అది దారినే ఎంచి చేతిలో పెడుతుంది. మొదటిది బుర్రకు పదును పెడుతుంది, రెండోది బుర్రతో పనిలేకుండా చేస్తుంది. లూకాస్‌కి మొదటిది నిండుగా దొరికింది, రెండోది ఆఖర్న తప్ప దొరకలేదు. డబ్బు తక్కువ ఇచ్చిన స్టూడియో, తక్కువిచ్చినందుకే భయం తగ్గి పక్కకు తప్పుకుంది. ఇక్కడ కట్టుబాటూ స్వేచ్ఛా ఒకదానికొకటి శత్రువులు కావు. ఒకటి రెండోదాని ధర.

చివరిగా, స్వేచ్ఛను అభిమానించేవాళ్లు దాటవేయకూడని ఒక లోపం కూడా ఉంది. తెర మీది ఆఖరి వాక్యాల్లో నలుగురు మగపిల్లల భవిష్యత్తే ఉంది. స్టీవ్ ప్రియురాలు లారీ ఏమైంది? టెర్రీతో ఆ రాత్రి తిరిగిన డెబ్బీ ఏమైంది? మిల్నర్ కారులో ఇరుక్కుని, అతను చెల్లెలిలా చూసుకున్న పసిపిల్ల క్యారల్ ఏమైంది? సినిమా చెప్పదు. పాలీన్ కేల్ వంటి విమర్శకురాలు అప్పుడే దీన్ని నిలదీసింది. ఆ విమర్శ న్యాయమైనదే. ఆ అమ్మాయిల పాత్రలు సినిమాలో ప్రాణంతో ఉన్నాయి కాబట్టే ముగింపులో వాళ్ల లేమి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అయితే స్టూడియో అజమాయిషీ ఉంటే ఈ లోపం సరిదిద్దబడేదా? యూనివర్సల్ ఏం కోసిందో చూశాం. వాళ్ల కత్తెర ఈ వైపుకే రాలేదు. దర్శకుడి కంటికి ఆననిది పక్కనున్న సహ రచయితలకు, ఎడిటర్లకు, స్నేహితులకు ఆనుతుంది, వాళ్ల మాట వింటే దిద్దుకోవచ్చు. లాభనష్టాల చిట్టా చూసేవాడి కంటికి అది ఆనదు. స్వేచ్ఛ తీసుకున్నవాడు లోపాలకు కూడా తానే జవాబుదారీ అవుతాడు. ఈ సినిమా గొప్పతనం ఎవరిదో మనం ఎంత తేలిగ్గా చెప్పగలమో, దీని లోపం ఎవరిదో కూడా అంతే తేలిగ్గా చెప్పగలం. పదిమంది అధికారులు తలా ఒక చెయ్యి వేసిన సినిమాలో ఆ రెండూ ఎవరివో తేలవు.

ఈ విజయం నుంచి లూకాస్ నేర్చుకున్నదేమిటో ఆయన తర్వాతి నడకలో తెలుస్తుంది. 'స్టార్ వార్స్' కోసం ట్వెంటియెత్ సెంచరీ ఫాక్స్‌తో బేరం కుదుర్చుకునేటప్పుడు, చేతిలో పెద్ద విజయం ఉన్నా ఆయన పారితోషికం పెంచమని పట్టుబట్టలేదు. కొనసాగింపు చిత్రాల మీద, సినిమా పేరుతో అమ్మే వస్తువుల మీద హక్కులు అడిగి తీసుకున్నాడు. తర్వాతి సినిమాల నిర్ణయం తన చేతిలో ఉంచుకోవడానికి అదే మార్గమని ఆయనకు అర్థమైంది. సినిమా తీసేవాడొకడు, డబ్బు పెట్టేవాడొకడు అయినచోట ఎక్కడైనా ఈ పాఠం వర్తిస్తుంది. డబ్బు పెట్టినవాడికి హక్కులున్నాయి, ఎంత పెట్టాలో, ఎన్నాళ్లలో ముగించాలో నిర్ణయించే హక్కు అందులో ముఖ్యమైనది. ఆ హద్దులు గట్టిగా గీసి, వాటి లోపల దర్శకుణ్ణి నమ్మి వదిలేయడం మెతకదనం కాదు, తెలివైన వ్యాపారం. కుర్రకారు సినిమా విషయంలో ఇది మరీ నిజం. ఆ వయసు మనసు ఎలా ఉంటుందో ఆఫీసు గదిలో కూర్చున్న పెద్దలు మరిచిపోయి ఉంటారు. ఇంకా మరిచిపోనివాడి చేతికి కెమెరా ఇచ్చి 28 రాత్రులు అతని జోలికి పోకుండా ఉంటే ఏమి సాధ్యమో 'అమెరికన్ గ్రాఫిటీ' చూపించింది. అలాంటి కుర్ర దర్శకుడు కథ పట్టుకుని వచ్చినప్పుడు డబ్బు పెట్టేవాళ్లు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: నష్టపోయినా తట్టుకోగలిగినంత సొమ్ము ఎంత? దానికి జవాబు దొరికాక, ఆ సొమ్ము అతని చేతిలో పెట్టి పక్కకు తప్పుకోవాలి.